పసుపు డ్రమ్ములో గంతులోడు

పసుపు తగిలి పాడైన వస్తువు ఈ భూమ్మీద లేదని మా అత్తమ్మ నమ్మకం. నాలుగేళ్ల కిందటి వరకు నా నమ్మకమూ అదే. గడపకు పూస్తే ఇంటికి మంచిది, కాళ్లకు రాసుకుంటే కాళ్లకు మంచిది, దెబ్బకు అద్దితే దెబ్బ మానుతుంది, పప్పులో వేస్తే పప్పు పప్పులా కనిపిస్తుంది. ఇన్ని మేళ్లు చేసే పసుపుతో నేను ఒకే ఒక్క రోజులో, ఎవరి ప్రోద్బలమూ లేకుండా, ఎంత విధ్వంసం చేయగలిగానో ఇప్పుడు చెప్పబోతున్నాను. కరెంటు సామాన్లు బాగుచేసే వృత్తిలో ఉన్నవాళ్లు దయచేసి కూర్చుని చదవండి. నిలబడి చదివితే పడిపోతారు.

నేను బడి గడప తొక్కలేదు. మా నాన్న పాత క్యాలెండరు కాగితాల వెనక అక్షరాలు దిద్దించాడు, మా అమ్మ భజన పుస్తకం ముందు కూర్చోబెట్టి వాటిని కలిపి చదవడం నేర్పింది. వాళ్లిద్దరి పుణ్యమా అని ఇవాళ మీకిది రాయగలుగుతున్నాను. రోజూ దీపం పెట్టేటప్పుడు ఆ మాట తలుచుకుంటాను. అయితే వాళ్లు నాకు నేర్పని పాఠం ఒకటుంది. వైరు ఉన్న వస్తువుకు తీర్థం పోయకూడదు అన్నది ఆ పాఠం.

కథ అర్థం కావాలంటే మీరు నాతో పాటు నా పన్నెండో ఏటికి రావాలి. అప్పుడు మా మేనమామ మస్కట్ నుంచి ఒక వీడియో గేమ్ పెట్టె తెచ్చాడు. కేసెట్ తీసి, మూతి దగ్గర పెట్టుకుని ఉఫ్ ఉఫ్ అని ఊది, మళ్లీ దూర్చితే నడిచేది. ఊదకపోతే నడిచేది కాదు. ఎందుకో ఎవరికీ తెలియదు, దేవుడి లీల అనుకునేవాళ్లం. అందులో నాకూ మా తమ్ముడు లింబాద్రికీ ప్రాణమైన ఆట ఒకటి. వేలెడంత మనిషి, తలమీద టోపీ, దారి పొడుగునా గుంతలు. గుంతలు దూకుకుంటూ పోతే చివరన ఒక కోట. ఆ మనిషికి మేము పెట్టుకున్న పేరు గంతులోడు.

ఇద్దరి పద్ధతులూ వేరు. నేను వెనకాముందూ చూడకుండా ఉరికేదాన్ని. లింబాద్రి ప్రతి గుంత ముందూ ఆగి, లోపలికి తొంగి చూసి, ఊపిరి పీల్చుకుని, ఇంకాస్త ఆలోచించేవాడు. ఈలోగా టైం అయిపోయి గంతులోడు చచ్చేవాడు. అంటే నేను ఉరికి చచ్చేదాన్ని, వాడు ఆగి చచ్చేవాడు. ఒక్కసారి మాత్రం, ఎనిమిదేళ్ల ఆ పిల్లవాడు చివరి గుంత దాకా చేరాడు. దూకాడు కూడా. గుంత అవతల కోట తలుపు కదిలింది.

అప్పుడే టీవీ నల్లబడింది. వైరు మీద నా కాలు ఉంది.

"కాలు తగిలిందిరా," అన్నాను.

అది నిజమే. కాలు తగిలింది. అయితే తగలమని కాలికి చెప్పింది ఎవరన్నది నేనూ చెప్పలేదు, వాడూ నిరూపించలేకపోయాడు. మరుసటి వారమే ఆ పెట్టె కాలిపోయింది. లింబాద్రి ఆ కోట లోపలికి వెళ్లనే లేదు.

ఆ తరవాత ఇరవై ఆరేళ్లు వాడు ఆ మాట వదల్లేదు. నా పెళ్లిలో, అప్పగింతలప్పుడు, అందరూ ఏడుస్తుంటే వాడు నా చెవి దగ్గరికి వంగాడు. నేనూ ఏడవడానికి సిద్ధమయ్యాను.

"అక్కా, పోయేటి ముందు ఒక్క ముచ్చట నిజం చెప్పు. గా వైరు కావాలనే తొక్కినవ్ గదా?"

"కాలు తగిలిందిరా," అన్నాను, వెక్కుతూ.

ఇప్పుడు నాలుగేళ్ల కిందటికి వద్దాం. లింబాద్రి దుబాయ్‌లో క్రేన్ నడుపుతాడు. ముప్పై అంతస్తుల ఎత్తున కూర్చుని కిందికి చూసే మనిషి, ఇంటికొస్తే ఇప్పటికీ వాకిట్లో మోరీ కాలువ దాటేముందు ఆగి తొంగి చూస్తాడు. ఇరవై రోజుల సెలవు మీద వచ్చాడు. వచ్చిన నాలుగో రోజు మా పుట్టింటి ఊరు జక్రాన్‌పల్లి నుంచి బస్సెక్కి ఆర్మూర్‌లో మా ఇంటికి వచ్చాడు. సంచిలోంచి ఒక బూడిద రంగు పెట్టె, దానికో రిమోట్ తీసి, గుడిలో విగ్రహం దించినట్టు మంచం మీద పెట్టాడు.

"గిదేందిరా, సబ్బు డబ్బా లెక్కున్నది?" అన్నాడు మా ఆయన.

"మినీ కన్సోల్ బావా! మా మేనమామ తెచ్చిన పెట్టెల ఉన్న ఆటలన్ని గిండ్లనే ఉన్నయ్. కేసెట్ లేదు, ఊదుడు లేదు. ఫోన్ చార్జర్ తోని నడుస్తది. గంతులోడు సుత ఉన్నడు."

మా ఆయన పెట్టెను తిప్పి చూసి పెదవి విరిచాడు. "గిప్పటి ఆటలు చూసినవా? చెట్టు మీద ఆకు ఊగితె గూడ కనబడ్తది. మీ గంతులోనికి మూతీ లేదు, ముక్కూ లేదు. నాలుగు డబ్బలు అతికిచ్చి మనిషి అంటున్నరు. గీ కాలంల గీ ఆట ఎవలు ఆడుతరు?"

"బొమ్మ పాతదే బావా. గుంత మీదికెళ్లి దుంకుతుంటె గుండె కొట్టుకునుడు మాత్రం పాతగ కాదు."

"పోరా! నేనైతె పది నిమిషాల మీద ఒక్క నిమిషం చూడ. చూసిన్ననుకో, సిద్ధులగుట్ట కిందికెళ్లి మీది దాక నడిచి ఎక్కుత."

మా ఆయన గురించి మీకు తెలియదు. పక్క వీధిలో ఉప్పు తేవాలన్నా బండి తీసే మనిషి. ఆయన మోకాళ్లు మెట్టును చూస్తేనే మూలుగుతాయి.

అరుగు మీద చేట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్న మా అత్తమ్మ తలెత్తకుండానే అంది. "దేవుని గుట్ట పేరు తీసినవ్. మొక్కు కిందికే లెక్క. తప్పద్దు కొడుకా."

పందెం అలా దేవుడి ఖాతాలో పడిపోయింది. లింబాద్రి మాత్రం నవ్వలేదు. నా వైపు తిరిగాడు.

"అక్కా, నాకు గా కోట చూడాలె. గీ సెలవుల చూడకపోతె మల్ల రెండేండ్ల దాక రాను. పెట్టె మా ఇంట్ల పెడితె నీ మరదలు ఎవలకన్న ఇచ్చేస్తది, గీ వయసుల ఆటలేందని. నీ తాననే ఉంచు. ఎల్లుండి పొద్దుగాల వస్త. ఒక్కటే మాట."

"ఏందిరా?"

"ముట్టకు."

నేను ముట్టలేదు. ఒట్టేసి చెబుతున్నాను. పూజ చేశాను, అంతే. అది ముట్టడం కిందికి ఎలా వస్తుంది?

మీరే చెప్పండి, ఇంటికి కొత్త సామాను వస్తే బొట్టు పెట్టకుండా వాడే ఇల్లు మా ఊళ్లో ఉందా? బోరు మోటారుకు పెట్టాం, పసుపు ఉడకబెట్టే బాయిలర్‌కు పెట్టాం, కుక్కరుకు పెట్టాం. మా ఆయన కొత్త ఫోన్‌కు వెనకవైపు నిండుగా పెడితే నెల రోజుల పాటు ఫోటోల్లో చుట్టాలందరూ ఎర్రగా వచ్చారు. అది నాకు పైనుంచి వచ్చిన హెచ్చరిక. కృతజ్ఞత లేక కాదు, బుద్ధి లేక గుర్తుపట్టలేదు. పైగా నా మనసులో ఇరవై ఆరేళ్ల దోషం ఉంది. నా కాలు చేసిన పాపానికి నా చేతులు ప్రాయశ్చిత్తం చేయాలనుకున్నాయి.

మర్నాడు శుక్రవారం. తలస్నానం చేసి, మా చేలో పండిన పసుపే తీసుకుని చిక్కగా కలిపాను. పెట్టెకు ముందూ వెనకా పూశాను. రిమోట్ మీద బాణం గుర్తుల మీటలు, గుండ్రటి మీటలు ఉన్నాయి. ఏ మీటనైనా వదిలేస్తే దానికి చిన్నతనం కదా అని ఒక్కోదానికీ పసుపు, పైన కుంకుమ. సందుల్లోకి కూడా వెళ్లాలని అగ్గిపుల్లతో నెట్టాను. 'స్వామీ, ఈసారైనా మా తమ్ముడు కోట చూడాలి' అని మొక్కి, దాని ఎదురుగానే కొబ్బరికాయ ఫట్‌మని కొట్టాను.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. ఇక్కడ దేవుడు వరమిస్తే పూజారిణి కొబ్బరినీళ్లు పోసింది. సగం కాయ నీళ్లు ఎగిరి, పెట్టె పక్కనున్న చిన్న చిన్న చిల్లుల్లోంచి గుటగుటమని లోపలికి వెళ్లాయి.

"అత్తమ్మా! నీళ్లు లోపటికి పోయినయ్!"

"తీర్థమే గద బిడ్డా. మంచిదే."

"మంచిది మనకు! దానికి కాదు!"

అత్తమ్మ చేట పక్కన పెట్టి వచ్చి చూసింది. "ఫోన్ నీళ్లల్ల పడితె బియ్యంల పెడుతరంట. మొన్న బీడీల కార్ఖాన్ల అంటుంటె విన్న."

బియ్యం డబ్బా మూత తీశాను. అడుగంటింది. అప్పుడు నా బుర్రలో, ఎప్పుడూ వెలగని మూలలో, ఒక దీపం వెలిగింది. బియ్యం ఎందుకు? ఉడకబెట్టిన పసుపునే పదిహేను రోజుల్లో గలగలలాడేట్టు ఎండబెట్టే ఎండ మాది. ఇంటి వెనక కల్లంలో పసుపు పరిచే ఉంది. ఈ సబ్బు డబ్బా దానికి ఎంత?

తీసుకెళ్లి కల్లం నడుమ పెట్టాను. పెట్టి రెండడుగులు వేశానో లేదో గోడ మీద కోతి కనబడింది. మా దగ్గర కోతులకు కొత్త వస్తువంటే మహా ప్రీతి. అంతకు ముందే మా ఆయన కళ్లద్దాలు ఎత్తుకుపోయి, పెట్టుకుని కూడా చూశాయి. అందుకని పెట్టెనూ రిమోట్‌నూ నాలుగు దోసిళ్ల పసుపుతో కప్పేశాను. గుర్తు ఉండాలి కదా! చెప్పు పెడదామనుకున్నాను. పసుపు మీద చెప్పా, తప్పు తప్పు అని లెంపలేసుకుని మందారపువ్వు పెట్టాను. మేకలు మందారపువ్వును చెప్పు కన్నా ఇష్టంగా తింటాయన్న సంగతి నాకు అప్పుడు తట్టలేదు.

అంతా భగవంతుడికి వదిలేసి పక్కింట్లో శుక్రవారం భజనకు వెళ్లాను.

మూడో పాట నడుమ ట్రాక్టరు చప్పుడు వినబడింది. దాని వెంటే గరగరమని ఇంకో చప్పుడు. పసుపు పండించే ఊళ్లో ఆ చప్పుడు తెలియని వాళ్లుండరు. అది పాలిష్ డ్రమ్ము. ఎండిన పసుపును పెద్ద ఇనుప డ్రమ్ములో పోసి ట్రాక్టరుతో తిప్పుతారు. పసుపు ఒకదానికొకటి రాసుకుని పైపొట్టంతా రాలి బంగారంలా మెరుస్తుంది. మాకు డ్రమ్ము రావాల్సింది మర్నాడు. ఈ చప్పుడు మా ఇంటి వెనక నుంచి వస్తోంది.

తాళాలు చేతిలో పట్టుకునే ఉరికాను. కల్లం సగం ఊడ్చేసి ఉంది. మందారపువ్వు లేదు. కంచే చేను మేస్తే ఎవరినైనా అడగొచ్చు, కల్లమే ఆటపెట్టెను మేస్తే ఎవరిని అడగాలి?

"ఇయ్యాలనే ఎందుకు వెట్టిచ్చినవయ్యా?" అని అరిచాను మా ఆయన మీద.

"పోశన్నకు రేపు సిరికొండల పనంట. ఎండిన కాడికి ఇయ్యాలనే చేస్తనన్నడు. నీకేమయింది?"

పోశన్న డ్రమ్ము నడిపే ఆయన. ట్రాక్టరు పక్కన నిలబడి హాయిగా చాయ్ తాగుతున్నాడు. డ్రమ్ము తిరుగుతోంది. లోపల నుంచి గరగర మధ్యలో టక్, టక్, టక్ అని, పసుపు చేయని చప్పుడు ఒకటి వస్తోంది.

"ఆపుండ్రి!" అన్నాను. నోట్లోంచి ఇంకో మాట కూడా వచ్చేసింది. "లోపట గంతులోడున్నడు!"

పోశన్న చేతిలో చాయ్ గ్లాసు కిందపడింది. "మనిషున్నడా?!"

ఒక్క గంతులో ట్రాక్టరు ఆపేశాడు. పనికొచ్చిన ఆడవాళ్లు చేటలు పడేసి ఉరికొచ్చారు. "ఎవలమ్మా? ఎవల బిడ్డమ్మా?" అంటూ ఒకామె ఎవరో తెలియకుండానే శోకం ఎత్తుకుంది. మా ఆయన గబగబా కూలీలను లెక్కపెట్టాడు. "ఆరుగురు. ఆరుగురే గదా వచ్చింది? మల్ల లోపట ఎవలే?"

"గట్ల కాదు! పెద్ద మనిషి కాదు! గింతే ఉంటడు," అని చూపుడువేలు చూపించాను.

"అయ్యో! పసిగుడ్డేనా!" అని ఏడుపు రెండింతలైంది.

పోశన్న దేవుళ్లందరినీ తలుచుకుంటూ డ్రమ్ము తలుపు తీశాడు. పసుపు ధారగా బయటికి దూకింది. దాంతోపాటు ముందు రిమోట్, దాని తోక లాంటి వైరు, ఆఖరున పెట్టె దొర్లుకుంటూ వచ్చి పోశన్న కాళ్ల దగ్గర ఆగాయి.

శోకం పెట్టిన ఆమె మధ్యలో ఆపేసి ముక్కు తుడుచుకుంది. నాకైతే కృతజ్ఞతతో కళ్లనీళ్లు తిరిగాయి, డ్రమ్ము ఇంకాసేపు తిరిగి ఉంటే పెట్టె బదులు పొడి తీసుకోవలసి వచ్చేది. అత్తమ్మ పెట్టెను ఎత్తి ఎండకు పట్టుకుని చూసింది. మూలలన్నీ నునుపు తేలాయి. పైనున్న అక్షరాలు పోయాయి. బూడిద రంగు జాడ కూడా లేదు. బంగారు కడ్డీలా మెరుస్తోంది.

"మస్తు పాలిష్ వచ్చింది," అంది అత్తమ్మ మెచ్చుకోలుగా. "గిది గోలనా, కొమ్మా?"

పసుపులో పొట్టి దుంపను మా దగ్గర గోల అంటారు, పొడుగుదాన్ని కొమ్ము అంటారు. మా ఆయన రెండింటినీ పరీక్షగా చూసి తేల్చాడు. "పెట్టె గోల. రిమోటు కొమ్ము. మార్కెట్ల రెంటికీ మంచి ధర వస్తది."

మర్నాడు పొద్దున లింబాద్రి గుమ్మంలో నిలబడి ముక్కు ఎగబీల్చాడు.

"అక్కా, పెట్టె ఏది?"

ఇచ్చాను.

"నేను తెచ్చింది బూడిద రంగుది గదా?"

"పసుపు రంగు శుభం గదరా."

వాడు రిమోట్ తిప్పి చూశాడు. మీటల మీద గుర్తుల్లేవు. నా ముఖం చూశాడు. పెట్టెను టీవీకి తగిలించి, చార్జర్ గోడకు పెట్టాడు. నేను కళ్లు మూసుకున్నాను.

వెలిగింది! కొబ్బరినీళ్లు తాగి, ఎండకు ఎండి, డ్రమ్ములో తిరిగిన ఆ పెట్టె వెలిగింది. టీవీలోంచి ఇరవై ఆరేళ్ల కిందటి ఆ టింగు టింగు పాట వచ్చింది. టోపీ పెట్టుకుని మా గంతులోడు నిలబడ్డాడు. నిలబడి, వెంటనే ఉరకడం మొదలుపెట్టాడు.

"అక్కా, నేనింక మీట ఒత్తలే," అన్నాడు లింబాద్రి. "వీడే ఉరుకుతున్నడు."

ఉరికి మొదటి గుంతలో పడ్డాడు. మళ్లీ లేచాడు, మళ్లీ ఉరికాడు, మళ్లీ పడ్డాడు. కుడివైపు బాణం మీట సందులో నేను అగ్గిపుల్లతో కూరిన పసుపు ఎండి, పాలిష్ అయ్యి, రాయిలా బిగుసుకుంది. మీట లోపలే ఉండిపోయింది. గంతులోడికి ఇక జీవితంలో ఆగే యోగం లేదు.

అప్పుడు అంతా చెప్పేశాను. పూజ, కొబ్బరికాయ, కోతి, మేక, డ్రమ్ము.

"ముట్టకు అన్న గదక్కా."

"ముట్టలేదురా. పూజ చేసిన."

"మల్ల డ్రమ్ములకు?"

"అండ్లకు... అదే పోయింది."

బొట్టుతో పోయేదాన్ని డ్రమ్ము దాకా తెచ్చిన ఘనత నాది. సూదితో గీకాం, పిన్నుతో పొడిచాం, పళ్లు తోమే బ్రష్‌తో తోమాం. మా ఆయన పాతకాలం పద్ధతిలో ఉఫ్ ఉఫ్ అని ఊదాడు. బజార్లో రిపేరు చేసే ఆయన రిమోట్ వాసన చూసి, "అమ్మా, గిది టీవీకి తగిలిచ్చేదా, కూరల వేసేదా?" అని అడిగాడు. అలాంటి రిమోట్ విడిగా తెప్పించాలంటే ఎన్ని రోజులు పడుతుందో తెలియదన్నాడు. వాడి సెలవు ఇక రెండు వారాలు. అందులో సగం పెళ్లిళ్లకూ చుట్టాలకూ పోయింది.

అయినా లింబాద్రి వీలు దొరికినప్పుడల్లా వచ్చాడు. ప్రతిసారీ గుంత దగ్గర అలవాటుగా ఆగబోయేవాడు, గంతులోడు ఆగేవాడు కాదు, ఇద్దరూ కలిసి గుంతలో పడేవారు. వాడి ముఖం రోజురోజుకూ ఉప్పు తక్కువైన చారులా అయిపోయింది. నాకు అన్నం దిగేది కాదు.

ఈ దుఃఖంలో నేనొక సంగతి గమనించలేదు. మా అత్తమ్మ గమనించింది.

"కొడుకా, గడియారం చూసినవా?"

"ఎందుకే?" అన్నాడు మా ఆయన, టీవీ మీదినుంచి చూపు తిప్పకుండా. "లింబాద్రీ, దుంకు! దుంకురా! నీ యవ్వ, కొంచెంల పాయె! ఏదీ, నాకియ్యి!"

"నువ్వు కూసుండి రెండు గంటలాయె. పది నిమిషాలంటివి."

ఆ ఆదివారం మా ఆయన సిద్ధులగుట్ట కింది నుంచి పైదాకా నడిచి ఎక్కాడు. దిగాక మూడు రోజులు మంచం దిగలేదు. మంచం మాత్రం టీవీ ఎదురుగా వేయించుకున్నాడు. పాత వీడియో గేములు ఈ కాలంలో నిలబడతాయా లేదా అని లోకంలో చాలామంది వాదించుకుంటారట. ఆటలు నిలబడతాయండీ. ఆ వాదనలో పందెం కాసినవాళ్లే మూడు రోజులు నిలబడలేరు. ఇక పెట్టెలు నిలబడతాయా అంటే, మా పోశన్న డ్రమ్మును అడగండి.

మంచం మీదినుంచి మా ఆయన ఆడుతుండగానే నాకు ఒకటి తోచింది. ఈ గంతులోడు ఆగకుండా, ఆలోచించకుండా, తల వంచుకుని ఉరుకుతున్నాడు. ఎక్కడో చూశానే ఈ తీరు అనుకున్నాను. ఇంకెక్కడ! పన్నెండేళ్ల నేనే.

మళ్లీ వచ్చినప్పుడు లింబాద్రికి చెప్పాను. "తమ్మీ, వాన్ని ఆపాలని చూడకు. వాని ఉరుకుడు వాన్ని ఉరుకనీ. నువ్వు దుంకుడు ఒక్కటే చూసుకో."

"గుంత ముందట ఆగకుండ ఎట్లక్కా?"

"ఆగి ఆగే గదరా చిన్నప్పుడు చచ్చింది!"

వాడు నన్ను గుర్రుగా చూశాడు. కానీ చేసి చూశాడు. మూడు గుంతలు దాటాడు. మర్నాడు తొమ్మిది. ఆ తరవాత వాడు రాలేకపోయాడు. ప్రయాణం రోజు వచ్చేసింది.

ఆ రోజు పొద్దున హైదరాబాద్ విమానాశ్రయానికి పోయే కారు మా ఇంటి ముందు ఆగింది. లింబాద్రి దిగుతూ, "అక్క కాళ్లు మొక్కి వస్త," అని మా మరదలికి చెప్పి, లోపలికొచ్చి నా కాళ్ల వైపు కూడా చూడకుండా రిమోట్ అందుకున్నాడు.

"ఒక్క ఆట అక్కా."

మా ఆయన మంచం మీద లేచి కూర్చున్నాడు. అత్తమ్మ చేట దించేసింది. పోశన్న కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు, తన డ్రమ్ములో పడ్డ మనిషి ఎలా ఉన్నాడో చూసిపోదామని.

గంతులోడు ఉరికాడు. మొదటి గుంత, రెండోది, ఐదోది. లింబాద్రి బొటనవేలు తప్ప ఇంకేదీ కదలడం లేదు. బయట కారు హారను మోగింది. పదో గుంత దాటాడు.

"ఏమయ్యా! అక్క కాళ్లు ఎన్నున్నయ్, గింతసేపు మొక్కుతున్నవ్?" అని మరదలు కారులోంచి అరిచింది.

"వస్తున్న వస్తున్న!"

"మాట్లాడకురా, గుంత!" అన్నాడు మా ఆయన.

"జర పైలం బిడ్డా," అన్నాడు పోశన్న గంతులోడితో.

చివరి గుంత వచ్చింది. ఇరవై ఆరేళ్ల కిందట వాడు ఎంతోసేపు ఆగి ఆలోచించి దూకిన గుంత. ఈసారి ఆగే వీలే లేదు. దూకాడు. గాలిలో ఉన్నంతసేపూ మా ఇంట్లో ఎవరూ ఊపిరి తీసుకోలేదు. అవతల ఒడ్డున దిగాడు. కోట తలుపు కదిలింది.

నేను ఆనందం పట్టలేకపోయాను. నా పాపం పోయింది, నా మొక్కు దేవుడు విన్నాడు. "స్వామీ! నీ దయ!" అంటూ రెండు చేతులూ జోడించి లేచి నిలబడ్డాను.

టీవీ నల్లబడింది.

మెల్లగా కిందికి చూశాను. చార్జర్ గోడ నుంచి ఊడి నేల మీద ఉంది. దాని వైరు నా కాలి మట్టెల చుట్టూ చుట్టుకుని ఉంది.

లింబాద్రి చాలా నెమ్మదిగా నా వైపు తిరిగాడు.

"అక్కా."

"కాలు తగిలిందిరా!" అన్నాను. "గీసారి నిజంగనే తగిలింది!"

అన్నాక తెలిసింది ఏమన్నానో.

లింబాద్రి కళ్లు పెద్దవయ్యాయి. "గీసారి?"

నేను వంగి మట్టెల చుట్టూ ఉన్న వైరు విప్పడం మొదలుపెట్టాను.

"గీసారి నిజంగనా? అంటే గాసారి?"

బయట హారను కూడా ఆగిపోయింది. అత్తమ్మ నోటి మీద చేయి పెట్టుకుంది. ఇరవై ఆరేళ్లు, ఒక పెళ్లి, ఒక అప్పగింతలు దాటుకొచ్చిన నా రహస్యం నా నోటి నుంచే దొర్లుకుంటూ వచ్చి అందరి కాళ్ల దగ్గర ఆగింది.

"ఒప్పుకున్నది!" అని వాడు ఎగిరి గంతేశాడు. "బావా, విన్నవా? పోశన్నా, సాక్ష్యం నువ్వే! ఒప్పుకున్నది!" వాకిట్లోకి ఉరికాడు. మోరీ దగ్గర ఆగనే లేదు, ఒక్క దూకు దూకాడు. "ఓ ఇగో, మా అక్క ఒప్పుకున్నది!" అని మరదలికి చెబుతున్నాడు. కారు వీధి మలుపు తిరిగే దాకా కిటికీలోంచి చేయి ఊపుతూనే ఉన్నాడు. కోట సంగతి అడగనే లేదు.

నెల తరవాత దుబాయ్ నుంచి ఫోన్ చేశాడు. ఎవరో ఆ ఆట పూర్తిగా ఆడి పెట్టిన వీడియో చూశాడట.

"కోటల ఏమున్నదిరా?"

"ఏం లేదక్కా. లోపట థాంక్యూ అని రాసున్నది. గంతే. మల్ల మొదటి గుంతకాడికెళ్లి షురూ."

నాకు మాత్రం కళ్లు చెమర్చాయి. నేను దానికి పసుపు పూసి, తీర్థం పోసి, ఎండబెట్టి, డ్రమ్ములో తిప్పాను. అన్నీ భరించి చివరికి అది నాకు థాంక్యూ చెబుదామని వస్తుంటే వైరు కూడా పీకాను. మనుషులకైనా ఉంటుందా అంత సంస్కారం?

అందుకే, మీ అందరి సాక్షిగా, పాలిష్ అయిన ఆ రిమోట్ మీద చేయి పెట్టి ప్రమాణం చేస్తున్నాను. ప్లగ్గు ఉన్న ఏ వస్తువుకూ ఇక మీదట పసుపు పూయను. దాని ఎదుట కొబ్బరికాయ కొట్టను. దేవుడి మీద ఎంత కృతజ్ఞత పొంగినా, వైరున్న గదిలో కూర్చునే దండం పెట్టుకుంటాను.

మొన్న మా ఇంటికి కొత్త మిక్సీ వచ్చింది. అత్తమ్మ పసుపు గిన్నె పట్టుకుని బయల్దేరింది. నేను రెండు చేతులూ చాపి అడ్డంగా నిలబడ్డాను. చుక్క పసుపు కూడా తగలనివ్వలేదు. మాటంటే మాటే.

కుంకుమ మాత్రమే పెట్టాను.